నోటీస్ పీరియడ్ పూర్తి చేయలేకపోయినా చెప్పకుండా మాత్రం వెళ్లిపోకండి

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, నోటీస్ పీరియడ్ ఆఖరి రోజు దాకా ఉండి, పనులన్నీ అప్పగించి బయటికి రావడం మంచి పద్ధతి, నాకూ అదే ఇష్టం. కానీ అందరికీ ఆ వెసులుబాటు దొరకదు. ఇంట్లో ఎవరో ఉన్నట్టుండి మంచాన పడతారు. కొత్త కంపెనీ వాళ్లు పదిహేను రోజుల్లో చేరితే చేరండి, లేదంటే ఇంకొకరిని చూసుకుంటాం అంటారు. ఒంట్లో బాగుండదు, డాక్టర్ పని ఆపేయమంటాడు. లేదా ఆ ఆఫీసులో జరుగుతున్నదాన్ని ఇంకొక్క రోజు కూడా భరించలేని స్థితి వస్తుంది. అలాంటప్పుడు చాలామంది, ముఖ్యంగా మొదటి ఉద్యోగంలో ఉన్న పిల్లలు, చేసే పని ఒకటుంది: ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి మాయమైపోవడం. అలా మాయమవ్వాల్సిన అవసరం దాదాపు ఎవరికీ ఉండదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నోటీసు అనగానే మనకు రోజుల లెక్క ఒక్కటే గుర్తొస్తుంది, ముప్ఫై, అరవై, తొంభై అని. నిజానికి అందులో మూడు పనులున్నాయి. వెళ్తున్నానని చెప్పడం, చెప్పాక కొన్నాళ్లు ఉండడం, ఆ ఉన్నన్నాళ్లలో పని ఇంకొకరి చేతిలో పెట్టడం. మనకు కష్టమయ్యేది ఆ ఉండడం ఒక్కటే. అది కుదరదని తెలిసేసరికి భయంతోనో, మొహమాటంతోనో మిగతా రెండూ కూడా వదిలేస్తాం. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది, మనకైనా, వెనక ఉండిపోయే సహోద్యోగులకైనా.

మా టీమ్‌లో ఒక అమ్మాయి ఉండేది. ఒక రాత్రి వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. చూసుకోవడానికి ఇంకెవరూ లేరు, ఇక తను ఆఫీసుకు రావడం జరిగే పని కాదని తెల్లారేసరికి ఆమెకు అర్థమైపోయింది. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లోనే ఒక మెయిల్ టైప్ చేసింది. క్షమించమని ఒక్క లైను, మిగతాదంతా పనే. సోమవారం పంపాల్సిన రిపోర్టు ఏ ఫోల్డర్‌లో ఉంది, అందులో మూడో షీట్‌లో అంకెలు ఇంకా సరిచూడలేదు, ఫలానా క్లయింట్‌కు మెయిల్ పెడితే చూడడు, ఫోనే చేయాలి, అదీ మధ్యాహ్నంలోపే చేయాలి. లాప్‌టాప్, ఛార్జర్ కొరియర్‌లో పంపి రసీదు ఫొటో పెడతాను. ఈ వారం మాత్రం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఫోన్ ఎత్తగలను. అంతే. సోమవారం ఆ రిపోర్టు నా మీద పడింది, తిన్నగా మూడో షీట్ తెరిచి, ఆ అంకెలు సరిచూసి పంపించాను. ఆ మెయిల్ లేకపోతే ఎక్కడ తప్పుందో వెతకడానికే రోజంతా పోయేది. హెచ్‌ఆర్ వాళ్లు మొదట నోటీసు డబ్బు మొత్తం కట్టమన్నారు. ఆమె ఆస్పత్రి కాగితాలు జతచేసి మాఫీ అడిగింది, మేనేజర్ కూడా రాశాడు. కొంత మాఫీ చేశారు, మిగతాది ఆమెకు మిగిలి ఉన్న సెలవుల్లోంచి సర్దారు. ఒక్క రోజు కూడా నోటీసు చేయని మనిషి గురించి మా టీమ్‌లో ఎవరూ చెడ్డగా మాట్లాడలేదు.

ఇలాంటి సమయంలో మనిషిని పట్టుకునే మొదటి భయం, నా మీద కేసు పెడతారా, పోలీసులు వస్తారా అని. ఈ భయం గాల్లోంచి పుట్టలేదు, ఒకప్పుడు ఇది నిజంగానే నేరం. మన దేశంలో 1859లో బ్రిటిష్ వాళ్లు ఒక చట్టం చేశారు. అడ్వాన్స్ తీసుకున్న పనివాడు మధ్యలో పని మానేస్తే మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి, పని చేయమనో డబ్బు తిరిగిమ్మనో ఆదేశించేవారు, వినకపోతే మూడు నెలల దాకా జైలు. దాన్ని రద్దు చేసింది 1925లో. ఇంగ్లండ్‌లో కూడా పని ఒప్పందం తప్పిన కార్మికుడిని జైల్లో పెట్టే పద్ధతి 1875 దాకా సాగింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో, అడ్వాన్స్ తీసుకుని పని వదిలేస్తే మోసం చేశాడనే అనుకోవాలని చట్టంలోనే రాసుకున్నారు. అక్కడి నల్లజాతి కూలీ ఒకాయన 15 డాలర్ల అడ్వాన్స్ దగ్గర ఇరుక్కుని సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఇది బానిసత్వాన్ని నిషేధించిన 13వ సవరణకు విరుద్ధమని 1911లో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. వెళ్లిపోయే స్వేచ్ఛ కోసం మనుషులు ఇంత దూరం కొట్లాడారు. అది తెలిశాక, రాజీనామా చేస్తున్నందుకు నేరం చేసినట్టు తలవంచుకోవాలంటే నాకు మనసొప్పదు.

పని చేసి తీరాలని మనల్ని కుర్చీలో కూర్చోబెట్టే వీలు కోర్టుకు కూడా లేదు. 1852లో లండన్‌లో యోహానా వాగ్నర్ అనే గాయని ఒక థియేటర్‌లో పాడతానని ఒప్పుకుని, ఎక్కువ డబ్బిస్తామన్న ఇంకో థియేటర్‌కు వెళ్లబోయింది. ఇంకెక్కడా పాడొద్దని ఆమెను ఆపగలను గానీ, ఒప్పుకున్నచోట పాడి తీరమని నేను ఆదేశించలేను అన్నాడు జడ్జి. మన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లో 14వ సెక్షన్ కూడా ఆ దారిలోనే ఉంటుంది, మనిషి సొంత నైపుణ్యం మీద ఆధారపడ్డ ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడం కుదరదు. నోటీసు పూర్తి చేయకపోతే మామూలుగా అది డబ్బు గొడవ, సివిల్ వ్యవహారం. అయితే డబ్బు గొడవ అంటే తేలిక అనుకోకండి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతు చెల్లుతుందని 2025లో మన సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ముందు చేయాల్సిన పని, ఎక్కడో ఫైల్లో పడి ఉన్న మీ ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి ప్రతి లైనూ చదవడం. నోటీసు ఎన్ని రోజులు, బదులు డబ్బు కట్టే వీలుందా, కట్టాలంటే బేసిక్ జీతం మీదా మొత్తం జీతం మీదా, ఇన్నాళ్లు మానేయనని రాసిచ్చే బాండ్ ఏమైనా ఉందా, ప్రొబేషన్‌లో, అంటే చేరిన కొత్తలో పనితీరు చూసే కాలంలో, ఉంటే ఎంత. ప్రొబేషన్‌లో నోటీసు తక్కువ ఉండడం చాలాచోట్ల మామూలే, అది తెలియక తొంభై రోజులని దిగులుపడేవాళ్లను చూశాను.

దేశాన్ని బట్టి లెక్కలు మారిపోతాయి, ఇక్కడ విన్నమాట అక్కడ పనికిరాదు. అమెరికాలో అందరూ చెప్పే రెండు వారాలు ఆనవాయితీయే తప్ప చట్టం కాదు, ఒప్పందంలో వేరే రాసి ఉంటే తప్ప. కానీ హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులో, ఐ-94, అంటే దేశంలో ఉండనిచ్చే అనుమతి పత్రం, గడువు ముగిసేదాకానో, ఏది ముందైతే అక్కడ ఉండడానికి అంతే సమయం ఉంటుంది కాబట్టి ఆవేశంలో ఆఖరి తేదీ రాసేయకూడదు. బ్రిటన్‌లో ఒక నెల పనిచేశాక చట్టం అడిగేది కనీసం ఒక వారం, ఒప్పందంలో అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. జర్మనీలో నాలుగు వారాలు, అదీ నెల 15వ తేదీకో నెలాఖరుకో ముగిసేలా, ప్రొబేషన్‌లో అయితే రెండు వారాలు. జపాన్‌లో కాలపరిమితి లేని ఉద్యోగానికి సివిల్ కోడ్ చెప్పేది రెండు వారాలే, అయినా అక్కడ నోరు తెరిచి చెప్పలేక డబ్బిచ్చి ఏజెన్సీతో రాజీనామా చెప్పించుకునేవాళ్లున్నారు. అంటే చట్టం తేలిగ్గా ఉన్నా పెద్దాయన ముఖం చూసి మానేస్తున్నాను అనడం మనిషికి అంత కష్టమన్నమాట, ఆ సంగతి చదివాక మన పిల్లల మీద నాకు కోపం తగ్గింది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఈ పేరా రెండుసార్లు చదవండి. యూఏఈలో నోటీసు 30 నుంచి 90 రోజుల మధ్య ఉంటుంది. యజమాని ఒప్పందం తప్పినా, దాడి చేసినా, వేధించినా నోటీసు లేకుండా మానేసే హక్కు అక్కడి చట్టంలో ఉంది, కానీ దానికో పద్ధతి ఉంది, కార్మిక శాఖకు ఫిర్యాదు చేయడం అందులో ముఖ్యమైనది. అదేమీ లేకుండా రూమ్ ఖాళీ చేసి వెళ్లిపోతే యజమాని మీ మీద పరారీ రిపోర్టు పెట్టగలడు, ఆ తర్వాత వీసా, ఇంకో ఉద్యోగం, తిరుగు ప్రయాణం అన్నీ చిక్కుల్లో పడతాయి. న్యాయం మీ వైపే ఉన్నా కాగితం మీద తప్పు మీదవుతుంది. ఒంటి మీదికి ప్రమాదం వచ్చి వెంటనే బయటపడాల్సి వస్తే తప్ప, ఫిర్యాదు నంబరు చేతిలో పడ్డాకే అడుగు బయట పెట్టండి.

ఇక చెప్పడం సంగతి. మేనేజర్‌తో మాట్లాడకముందే ఒక తేదీ ఖాయం చేసుకోండి, ఆ తేదీ నిజంగా మీరు నిలబడగలిగేదై ఉండాలి. అది లేకుండా వెళ్తే మాట్లాడిన ప్రతిసారీ ఇంకో వారం పెరుగుతుంది. నేను చాలామందికి చెప్పే పద్ధతి ఇది:

"సార్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా? ఇంట్లో పరిస్థితి వల్ల శుక్రవారం తర్వాత నేను రాలేను. నోటీసు మూడు నెలలని తెలుసు, అది పూర్తి చేయలేను. ఈ నాలుగు రోజుల్లో ఏ పని ముందు అప్పగించమంటారో చెప్పండి, అది చేసి వెళ్తాను."

"అలా ఎలా కుదురుతుందమ్మా? కనీసం ఒక నెల ఉండు."

"శుక్రవారం దాకే ఉండగలను సార్. మెయిల్ ఇప్పుడే పెడుతున్నాను."

ఇంట్లో ఏమైంది, ఎవరికి ఏమైంది అని తవ్వితే ఎంత చెప్పాలనిపిస్తే అంతే చెప్పండి. కారణం ఎంత పొడుగ్గా చెబితే అవతలివాళ్లు దానికి అంతగా పరిష్కారాలు వెతుకుతారు, రాత్రి షిఫ్ట్ చేయి, ఇంటి నుంచి చేయి, వారానికి రెండు రోజులు రా అని. వాటిలో ఏదైనా మీకు నిజంగా పనికొస్తే ఒప్పుకోండి, అది మీ మంచికే. పనికిరాకపోతే తేదీ మళ్లీ చెప్పండి, గొంతు పెంచక్కర్లేదు. లేని జబ్బును, లేని పెళ్లిని కల్పించి చెప్పొద్దు. నెల తిరక్కుండానే మీ కొత్త ఉద్యోగం సంగతి ఆన్‌లైన్‌లో అందరికీ తెలిసిపోతుంది, అప్పుడు మీరు చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు. కొత్త ఉద్యోగం కోసమే వెళ్తున్నట్టయితే ఆ మాటే చెప్పండి, బతుకుతెరువు మార్చుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏముంది? ఆ పరిస్థితిలో నోటీసు డబ్బు కొత్త కంపెనీ వాళ్లు భరిస్తారేమో కూడా అడగండి, బై అవుట్ అని చాలా కంపెనీలు ఇస్తాయి, అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు.

మాట్లాడిన రోజే మెయిల్ వెళ్లాలి. ఈ మాత్రం చాలు: "నేను రాజీనామా చేస్తున్నాను. నా ఆఖరి పనిదినం ఫలానా తేదీ. వ్యక్తిగత కారణాల వల్ల ఒప్పందంలోని నోటీసు వ్యవధి పూర్తి చేయలేకపోతున్నాను. మిగిలిన రోజులను నా సెలవులతో సర్దుబాటు చేయగలరని, లేదా నేను ఎంత చెల్లించాలో లెక్క తెలియజేయగలరని కోరుతున్నాను. చేతిలో ఉన్న పనుల వివరాలు జతచేశాను." కోపం, పాత లెక్కలు, ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఇందులో వద్దు. మీ సొంత మెయిల్ ఐడీని కాపీలో పెట్టుకోండి, ఎందుకంటే పంపిన గంటలోనే లాగిన్ తీసేసే ఆఫీసులున్నాయి. అదే కారణంతో పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, జీతంలో కోసిన పన్నుకు ఇచ్చే ఫామ్ 16, మిగిలిన సెలవుల లెక్క ముందే దించిపెట్టుకోండి. అవి మీవి. క్లయింట్ల జాబితా, కోడ్, ఆఫీసు ఫైళ్లు మాత్రం మీవి కావు, ఒక్కటి కూడా సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, డబ్బు గొడవగా తేలిపోవాల్సింది పోలీసు కేసుగా మారేది అక్కడే.

వేధింపులు జరిగేచోట ఈ మర్యాదలన్నీ పాటించమని నేను చెప్పను. మీ మీద చేయి వేస్తుంటే, అసభ్యంగా ప్రవర్తిస్తుంటే, నెలల తరబడి జీతం ఇవ్వకపోతే, ప్రాణం మీదికి వచ్చే పని భద్రత లేకుండా చేయిస్తుంటే, వెంటనే బయటికి వచ్చేయండి. ఆ మనిషి ముందు కూర్చుని హ్యాండోవర్ ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. ఇంటికి చేరాక, ఒంటరిగా కాకుండా నమ్మకమైన మనిషిని పక్కన పెట్టుకుని, ఏ తేదీన ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసి హెచ్‌ఆర్‌కో, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీకో పంపండి. ఈ కారణంతోనే మానేస్తున్నానని ఆ రాతలో ఉండాలి. జర్మనీ చట్టంలో తీవ్రమైన కారణం ఉంటే నోటీసు లేకుండా మానేయొచ్చు, కానీ ఆ సంగతి తెలిసిన రెండు వారాల్లోపే ఆ పని చేయాలి. మీరు ఏ దేశంలో ఉన్నా ఆలస్యం చేసేకొద్దీ "అంత ఘోరమైతే ఇన్నాళ్లూ ఎందుకున్నావు" అని అడిగేవాళ్లు తయారవుతారు. వ్యక్తిగత కారణాలు అని రాసేస్తే తర్వాత ఎంత చెప్పుకున్నా బలం తగ్గిపోతుంది. అది రాయడానికి చేయి వణికితే ముందు ఒక లాయర్‌తోనో, ఉచిత న్యాయ సహాయ కేంద్రంలోనో మాట్లాడండి.

నేను ఒప్పుకోని పద్ధతి ఒకటుంది. షిఫ్ట్ మధ్యలో లేచిపోవడం. నర్సు, డ్రైవర్, సెక్యూరిటీ మనిషి, పిల్లలను చూసే ఆయా, యంత్రం దగ్గర నిలబడే ఆపరేటర్, ఇలాంటి పనుల్లో మీ చేతిలో ఇంకొకరి ప్రాణం ఉంటుంది. రేపటి నుంచి రానని చెప్పడం వేరు, ఇప్పుడు నా మీద ఉన్న రోగిని ఎవరికీ అప్పగించకుండా వెళ్లడం వేరు. మొదటిది ఉద్యోగ నియమాల గొడవ, రెండోదానికి లైసెన్సే పోవచ్చు. మనిషి దొరకడం కష్టమైన పనులకు నోటీసు పొడుగ్గా ఉండడంలో కొంత న్యాయం ఉంది కూడా, మన దేశంలో 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమాన కెప్టెన్లకు ఏడాది, కో-పైలట్లకు ఆరు నెలల నోటీసు పెట్టింది. కానీ కూర్చుని టైప్ చేసే ప్రతి ఉద్యోగానికీ మూడు నెలలు పెట్టి, కంపెనీ పంపించేయాలనుకున్నప్పుడు మాత్రం ఒక్క మీటింగ్‌లో తేల్చేయడం నాకు ఏనాడూ సబబుగా అనిపించలేదు.

మేనేజర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కమాట. వెళ్లిపోతున్న పిల్లాడి రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే కాగితం, పట్టుకుని కూర్చోవద్దు. బాకీ ఉంటే లెక్క చెప్పండి, కట్టించుకోండి, కాగితం ఇచ్చి పంపండి. ఆ కాగితం ఆగితే అతనికి తర్వాతి ఉద్యోగం ఆగుతుంది, మీ ప్రాజెక్టుకు వచ్చేది ఏమీ లేదు.

వెళ్లాక కూడా కొంచెం పనుంటుంది. ఆఫీసు వస్తువులు తిరిగిచ్చి రసీదు తీసుకోండి. ఆఖరి లెక్క, అదే ఎఫ్ అండ్ ఎఫ్, రాతపూర్వకంగా అడగండి. మన దేశంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకు రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, మెయిల్‌లో ఆ మాట రాయండి. పీఎఫ్‌లో ఉద్యోగం వదిలిన తేదీ కంపెనీ పెట్టకపోతే, ఆఖరి చందా పడ్డ రెండు నెలల తర్వాత పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు.

రిలీవింగ్ లెటర్ ఆలస్యమవుతుందని అనిపిస్తే కొత్త కంపెనీకి చేరకముందే చెప్పేయండి: కుటుంబ కారణాల వల్ల నోటీసు మొత్తం చేయలేకపోయాను, ఫలానా తేదీన రాజీనామా ఇచ్చాను, పని అప్పగించాను, మెయిల్ ఇదిగో. రాజీనామా మెయిల్, అది అందిందని వచ్చిన జవాబు, పే స్లిప్పులు, జీతం పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసి సరేననే హెచ్‌ఆర్‌లు చాలామందే ఉన్నారు. ఒప్పుకుంటే ఆ ఒప్పుకున్న మాట కూడా మెయిల్‌లోనే తీసుకోండి.